కుట్టులో సగం ఇస్త్రీదే

2024 మే నెలలో ఢిల్లీ రఫీ మార్గ్‌లోని సీఎస్ఐఆర్ ప్రధాన కార్యాలయం కాస్త విచిత్రమైన కారణంతో వార్తల్లోకి వచ్చింది. సోమవారాల్లో ఇస్త్రీ చేయని బట్టలు వేసుకుని పనిలోకి వద్దాం అనే ప్రచారంలో ఆ సంస్థ చేరింది. ప్రచారం పేరు 'రింకిల్స్ అచ్ఛే హై'. మన మాటల్లో చెప్పాలంటే 'ముడతలు మంచివే'. ఈ ఆలోచన ఐఐటీ బాంబే ఆచార్యుడు చేతన్ సింగ్ సోలంకీ స్థాపించిన ఎనర్జీ స్వరాజ్ ఫౌండేషన్‌ది. ఒక జత బట్టలు ఇస్త్రీ చేస్తే సుమారు 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందన్నది వారి లెక్క.

ప్రచారం ఉద్దేశం నాకు నచ్చింది. నలిగిన చొక్కాతో వచ్చిన శాస్త్రవేత్తను చూసి ఎవరూ ఆయన పరిశోధనను అనుమానించరు. పెళ్లికో ఇంటర్వ్యూకో వెళ్లే మామూలు మనిషికి ఆ వెసులుబాటు లేదు. పెద్దవాళ్లు ముందు నలిగిన బట్టలు వేసుకుంటేనే చిన్నవాళ్లకు ధైర్యం వస్తుంది. అందుకే ఇలాంటి ప్రచారం అలాంటి చోట మొదలవడం మంచిదే.

అయితే ఆ చర్చలో ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మనం ఇస్త్రీ అనే ఒకే మాటతో రెండు వేరువేరు పనులను పిలుస్తున్నాం. ఒకటి, బట్ట కుడుతున్నప్పుడు ప్రతి కుట్టు తర్వాతా చేసే ఇస్త్రీ. రెండోది, ఉతికి ఆరేసిన బట్టకు వేసుకునే ముందు చేసే ఇస్త్రీ. మొదటిది వస్త్రానికి రూపం ఇస్తుంది. రెండోది ఆ రూపానికి మెరుగు పెడుతుంది. మొదటిదాన్ని మనం దాదాపు వదిలేశాం. రెండోదాన్ని అవసరానికి మించి చేస్తున్నాం. కరెంటు ఆదా గురించి నిజంగా పట్టింపు ఉంటే మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని తగ్గించాలి అన్నది నా వాదన.

200 గ్రాముల లెక్క

ముందుగా ఆ సంఖ్యను కాస్త తరచి చూద్దాం. మన దేశంలో ఒక యూనిట్ విద్యుత్తు ఉత్పత్తికి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన 200 గ్రాములంటే సుమారు 0.28 యూనిట్లు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ఆగకుండా 17 నిమిషాలు కరెంటు తీసుకుంటే అంత ఖర్చవుతుంది. కానీ ఇస్త్రీ పెట్టె ఆగకుండా కరెంటు తీసుకోదు. వేడి చేరాల్సిన చోటికి చేరగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది, చల్లబడగానే మళ్లీ కలుపుతుంది. పెట్టె మీద చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉండటం అందుకే. చెయ్యి తిరిగిన మనిషికి ఒక ప్యాంటు, చొక్కా పది నిమిషాల పని. కాబట్టి ఇంట్లో నాలుగు జతలు ఒకేసారి చేసుకునేవారి విషయంలో 200 గ్రాములు కాస్త ఎక్కువ అంచనాయే.

మరి రోజూ పొద్దున్నే ఒక్క చొక్కా కోసం పెట్టె వేడిచేసేవారి సంగతి? ఒక కిలో అల్యూమినియాన్ని గది ఉష్ణోగ్రత నుంచి 150 డిగ్రీలు పైకి తేవడానికి సుమారు 1,35,000 జౌల్స్ కావాలి. అది దాదాపు 0.04 యూనిట్. బట్టను తాకకముందే పాతిక గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ లెక్కలో పడినట్టే. పని అయ్యాక ఆ వేడంతా గదిలోకి పోతుంది. వారానికి ఒక్కసారి అన్నీ కలిపి చేసుకుంటే ఈ దండుగ ఒక్కసారే.

బొగ్గు పెట్టెకు లెక్క మారుతుంది. 200 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్ సుమారు 55 గ్రాములు. అంటే ఇంచుమించు 70 గ్రాముల కట్టెబొగ్గు. ఒక జతకు అంత బొగ్గు కాలడం నమ్మదగిన మాటే.

ఈ తేడాలు ఎలా ఉన్నా అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక బట్టకు ఇన్నిసార్లు ఇస్త్రీ ఎందుకు కావాల్సి వస్తోంది?

ముడతల్లో రెండు రకాలు

వాడకం వల్ల వచ్చే ముడతలు ఒక రకం. కూర్చుంటే మోకాళ్ల వెనుక, మడిస్తే మోచేతుల దగ్గర, పిండితే ఒళ్లంతా పడతాయి. తడి బట్టను గట్టిగా దులిపి, అంచులు సాగదీసి, హ్యాంగర్‌కు వేలాడదీస్తే వీటిలో చాలావరకు బట్ట బరువుకే పోతాయి. మన ఇళ్లలో దండెం మీద చీర ఆరేసే తీరు చూడండి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఒకసారి లాగి దులుపుతారు. కరెంటు ఖర్చు లేని ఇస్త్రీ అది.

రెండో రకం ముడతలు కుట్టులోనే పుడతాయి. కుట్టు వెంట అలలు అలలుగా లేచిన గుడ్డ, ఒక పక్కకు తిరిగిపోయిన బటన్ల పట్టీ, బుడగలు లేచిన కాలర్, ఒళ్లు తిరిగిన జేబు, సాగిపోయిన మెడ. వీటిని ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా ఆ పూటకే. ఉతకగానే మళ్లీ మొలుస్తాయి. మనం ప్రతి వారం ఇస్త్రీ పెట్టెతో యుద్ధం చేసేది ఎక్కువగా వీటితోనే. ఇవి లేని చొక్కాను ఇస్త్రీ లేకుండా వేసుకున్నా అది నలిగినట్టు కనిపిస్తుంది తప్ప వికారంగా కనిపించదు. సోమవారం ప్రచారం సాగాలంటే చొక్కా కుట్టు బాగుండాలి. కుట్టు బాగుండాలంటే కుట్టే చోట ఇస్త్రీ పెట్టె వేడిగా ఉండాలి.

కుట్టు ముడతలన్నిటికీ ఇస్త్రీయే మందు అని నేననడం లేదు. మిషన్‌లో దారం బిగువు ఎక్కువైతే, సూది మొద్దుబారితే, పైగుడ్డ కిందిగుడ్డ సమానంగా నడవకపోతే ఇస్త్రీ ఏమీ చేయలేదు. అవి సరిగ్గా ఉన్నాక కూడా చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే నూలుపోగు లోపలికి తొంగిచూడాలి.

పోగులో జరిగేది

నూలు అంటే సెల్యులోజ్. పొడవాటి గొలుసుల్లాంటి అణువులు పక్కపక్కనే పడుకుని ఒకదాన్ని మరొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. ఒక్కో బంధం బలహీనమే. లెక్కలేనన్ని కలిసినప్పుడు గట్టి పట్టు. బట్టను మడిచినప్పుడు గొలుసులు కొద్దిగా జరిగి, కొత్త చోట కొత్త బంధాలు వేసుకుంటాయి. అదే ముడత. ఇస్త్రీలో మనం చేసేది కూడా అదే పని. ఉన్న బంధాలను వదులు చేసి, మనకు కావలసిన ఆకారంలో మళ్లీ ముడిపడేలా చేస్తాం.

వదులు చేయడంలో వేడి కంటే నీటి పాత్ర పెద్దది. నీటి అణువు గొలుసుల మధ్య దూరి, వాటి హైడ్రోజన్ బంధాలను తనవైపు తిప్పుకుంటుంది. పూర్తిగా పొడిగా ఉన్న సెల్యులోజ్ మెత్తబడాలంటే 200 డిగ్రీలకు పైగా వేడి కావాలి. ఆ వేడికి గుడ్డ మాడే ప్రమాదం ఉంది. అదే గుడ్డ తడిస్తే మామూలు గది వేడికే మెత్తబడుతుంది. ఉతికి పిండిన చొక్కాకు అన్ని ముడతలు ఎందుకు పడతాయో, ఇస్త్రీకి ముందు నీళ్లు ఎందుకు చిలకరిస్తామో రెండింటికీ సమాధానం ఇదే.

పాలియెస్టర్ నడక వేరు. దానికి నీటితో పని లేదు. ప్రామాణిక వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటే పాలియెస్టర్ పట్టుకునేది 0.4 శాతమే. 70, 80 డిగ్రీల దగ్గర అది గట్టిదనం వదిలి మెత్తబడుతుంది, చల్లారాక ఆ రూపంలోనే గట్టిపడుతుంది. అందుకే పాలియెస్టర్ ప్యాంటు మడత నెలల తరబడి నిలుస్తుంది. తప్పుగా పడిన మడత కూడా అలాగే నిలుస్తుంది.

బట్టల లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో ఉండే చుక్కలు ఈ శాస్త్రానికి సంక్షిప్త రూపం. ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండైతే 150, మూడైతే 200. అంతకు మించకూడదని అర్థం. నైలాన్ లాంటి సున్నితమైన గుడ్డలకు ఒక చుక్క, పట్టు, ఉన్ని, పాలియెస్టర్‌కు సాధారణంగా రెండు, నూలుకు మూడు. మీటరు లెక్కన కొన్న గుడ్డకు లేబుల్ ఉండదు. అక్కడ మిగిలిన ముక్క మీద ముందు పరీక్షించడమే దారి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే మెట్టు ఒకటుంది. బంధాలు మళ్లీ ముడిపడేది పెట్టె కింద కాదు, పెట్టె తీశాక. తేమ పోయి, గుడ్డ చల్లారే ఆ కొన్ని క్షణాల్లో. వేడివేడిగా ఉన్న ముక్కను ఎత్తి, వేలాడదీసి, వెంటనే మిషన్ కిందకు తోస్తే చేసిన పనంతా వృథా. ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో ఇస్త్రీ బల్లకు కింద గాలి లాగే ఏర్పాటు ఉంటుంది. కాలితో మీట నొక్కగానే ఆవిరిని గుడ్డలోంచి కిందకు లాగేస్తుంది. ఆవిరి కొట్టడం ఎంత ముఖ్యమో లాగడం అంత ముఖ్యం. ఇంట్లో ఆ బల్ల అక్కర్లేదు. పెట్టె తీసిన వెంటనే ఒక నున్నటి చెక్క దిమ్మను కుట్టు మీద అదిమి పది అంకెలు లెక్కపెడితే చాలు. చెక్క కొంత తేమను, వేడిని పీల్చుకుంటుంది.

బలంగా అదిమితే ఏమవుతుంది

ముడత పోకపోతే మనం చేసే మొదటి పని పెట్టెను గట్టిగా నొక్కడం. లెక్క వేసి చూస్తే ఇందులో లాభం తక్కువని తెలుస్తుంది. ఒకటిన్నర కిలోల పెట్టె అడుగు భాగం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుందాం. గుడ్డ మీద పడే పీడనం 750 పాస్కల్స్ లోపే. మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ఒక శాతం కూడా కాదు. చేతి బలం కలిపి దాన్ని నాలుగు రెట్లు చేసినా చిన్న సంఖ్యే. భుజం నొప్పి మాత్రం నాలుగు రెట్లు అవుతుంది.

అదే ఆవిరి సంగతి చూడండి. 100 డిగ్రీల ఆవిరి ఒక గ్రాము గుడ్డను తాకి నీరుగా మారితే సుమారు 2,260 జౌల్స్ వేడి వదులుతుంది. 100 డిగ్రీల వేడి గాలి ఒక గ్రాము 25 డిగ్రీలకు చల్లారితే వచ్చేది 75 జౌల్స్. దాదాపు ముప్పై రెట్ల తేడా. పదో తరగతి పుస్తకంలో బాష్పీభవన గుప్తోష్ణం అని చదివి మరిచిపోయింది ఇదే. పైగా ఆ ఆవిరి గుడ్డకు కావలసిన నీటిని కూడా తనతోపాటే మోసుకొస్తుంది. ఆవిరి పెట్టె లేకపోయినా నష్టం లేదు. తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డను పైన పరిచి వేడి పెట్టె ఆనిస్తే అక్కడికక్కడే ఆవిరి పుడుతుంది. పాత దర్జీలు కోటు కుట్టేటప్పుడు చేసేది ఇదే. ఆ గుడ్డే అడ్డుగా ఉండి ముదురు రంగుల మీద మెరుపు మచ్చలు పడకుండా కాపాడుతుంది.

పట్టుకు మాత్రం జాగ్రత్త కావాలి. నీటి చుక్క పడితే కొన్ని పట్టుగుడ్డల మీద మరక నిలుస్తుంది. జరీలో ఇప్పుడు ఎక్కువగా వచ్చేది ప్లాస్టిక్ పొరతో చేసినది. నూలుకు తగిన వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పైన పొడి గుడ్డ వేసి, లోపలి వైపు నుంచి, తక్కువ వేడితో చేయడం మేలు.

జాకెట్టు మెడ ఎందుకు సాగుతుంది

ఇక కుట్టేటప్పుడు చేసే ఇస్త్రీకీ, తర్వాత చేసే ఇస్త్రీకీ చేతి కదలికలోనే తేడా ఉంది. రెండోదానిలో పెట్టెను జరుపుతూ పోతాం. మొదటిదానిలో జరపకూడదు. పెట్టెను ఎత్తాలి, దించాలి, ఆనించాలి, మళ్లీ ఎత్తి పక్కన దించాలి.

కారణం నేతలో ఉంది. పడుగు వెంట లాగితే గుడ్డ పెద్దగా సాగదు, పేక వెంట కొంచెం సాగుతుంది. ఏటవాలుగా లాగితే ఆ చిన్నచిన్న చదరాలు కోలగా మారి గుడ్డ బాగా సాగుతుంది. మన తెలుగు ఊళ్లలో ఏ లేడీస్ టైలర్‌ను అడిగినా 'క్రాస్ కటింగ్' జాకెట్టు గురించి చెబుతారు. ఒంటికి అతుక్కున్నట్టు కూర్చోవడం దాని గొప్పతనం. ఆ గొప్పతనం ఏటవాలు నేత సాగడంలోనే ఉంది. అదే ముక్కను కుట్టే ముందు ఇస్త్రీ పెట్టెతో బరబరా గీస్తే, తడికీ వేడికీ మెత్తబడిన గుడ్డ సాగి, సాగిన చోటే గట్టిపడుతుంది. మెడ వదులై భుజం జారుతుంది. కొలత తప్పలేదు, కత్తిరింపు తప్పలేదు. తప్పు జరిగింది ఇస్త్రీ బల్ల దగ్గర. ఇస్త్రీ అన్న మాట సాగదీయడం అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చిందని ఒక అభిప్రాయం ఉంది. అదే నిజమైతే, కుట్టేవారు చేయకూడని పనే ఆ పేరులో ఉందన్నమాట.

కుట్టు వేశాక పాటించాల్సిన వరస ఇది. ముందు కుట్టును ఉన్నది ఉన్నట్టే పెట్టె ఆనించి అదమాలి. దారం గుడ్డలోకి సర్దుకుంటుంది. తర్వాత లోపలి వైపు కుట్టుకు వదిలిన అంచులను చెరో పక్కకు విప్పి, లేదా డిజైన్‌ను బట్టి రెండింటినీ ఒకే పక్కకు వాల్చి అదమాలి. చివరగా చల్లారనివ్వాలి. ఒక కుట్టు మీదుగా మరో కుట్టు వెళ్లే ముందే మొదటిదానికి ఈ మూడూ పూర్తి కావాలి. తర్వాత చేద్దామంటే పెట్టె మొన అక్కడికి చేరదు. టక్స్ లాంటి గుండ్రటి చోట్లకు చదును బల్ల పనికిరాదు. తువ్వాలును గట్టిగా చుట్టి కింద పెడితే ఆ వంపు చెడదు.

కత్తిరించకముందు చేయాల్సిన పని కూడా ఒకటుంది. నేతలో, మిల్లులో గుడ్డను లాగి బిగిస్తారు. మొదటిసారి తడవగానే ఆ బిగువు సడలి గుడ్డ కుంచించుకుపోతుంది. నూలు లైనింగ్ ఒక మేరకు, పైగుడ్డ మరో మేరకు కుంచించుకుపోతే ఆ జాకెట్టును ఏ ఇస్త్రీ బాగుచేయలేదు. చీరకు ఫాల్ వేసే ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయమని మన అమ్మలు చెప్పింది ఇందుకే. ఫాల్ విషయంలో పాటించే ఈ జాగ్రత్తను లైనింగ్ విషయంలో తొందరలో వదిలేస్తున్నాం.

కాలర్‌లోనూ మెడలోనూ వేసే అంటుకునే క్యాన్వాస్‌ది ఇంకో కథ. దాని వెనుక ఉన్న జిగురు చుక్కలు కరిగి గుడ్డ పోగుల్లోకి దిగాలి. అందుకు వేడి, ఒత్తిడి, సమయం మూడూ కావాలి. పెట్టెను అటూ ఇటూ జరిపితే ఏ చోటికీ చాలినంత సమయం దొరకదు. రెండు ఉతుకులు కాగానే లేచే బుడగలు ఆ తొందరపాటుకు గుర్తులు.

ఢిల్లీ పొడి, విశాఖ ఉక్క

నోయిడాలో ఉంటూ సెలవులకు కోస్తాకు వెళ్లే తెలుగువాళ్లు ఒక తేడా గమనించే ఉంటారు. మే నెలలో ఢిల్లీలో పొద్దున వేసుకున్న నూలు చొక్కా సాయంత్రానికీ ఒక మోస్తరుగా ఉంటుంది. అదే చొక్కా విశాఖలో మధ్యాహ్నానికే నలిగిపోతుంది. చొక్కా మారలేదు, గాలిలో తేమ మారింది. ఉక్కలో నూలుపోగు తేమ పీల్చుకుని, చెమటతో మరింత మెత్తబడి, ఒంటి వేడికే కొత్త ముడతలు వేసుకుంటుంది.

దీనికి మరో పక్క ఉంది. ఢిల్లీ వేసవిలో గుడ్డ ఎంత పొడిగా ఉంటుందంటే నీళ్లు చిలకరించకుండా ఇస్త్రీ చేస్తే మడత నిలవదు. నీరు లేని లోటును వేడితో పూడ్చుదామని పెట్టెను పైచుక్కకు పెడతాం. కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, గుడ్డ పసుపుబారుతుంది. చెట్టు కింద బండి మీద ఇస్త్రీ చేసే మనిషి ముందుగా ముంతలో చెయ్యి ముంచి నీళ్లు చల్లి, బట్టను చుట్టి కాసేపు పక్కన పెట్టడం వెనుక ఉన్నది నిఖార్సయిన భౌతికశాస్త్రం. తేమ పోగు లోపలిదాకా పాకడానికి ఆయన సమయం ఇస్తున్నాడు.

ముడతలే పడని బట్ట చేయలేమా అంటే చేశారు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన న్యూ ఓర్లియన్స్ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1950ల నుంచి చేసిన పరిశోధనలు ఇందుకు బాటవేశాయి. సెల్యులోజ్ గొలుసుల మధ్య నీటికి లొంగని బలమైన బంధాలను అడ్డంగా వేయడం దీని కిటుకు. గొలుసులు జరగలేవు కాబట్టి ముడత పడదు. దీనికి మూల్యం ఉంది. పోగు పెళుసుబారి, గుడ్డ బలం తగ్గుతుంది. వాడే రసాయనాల్లో చాలావాటినుంచి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. దాన్ని పీల్చడం మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. అలాంటి పూత ఉన్న కొత్త బట్టను ఒకసారి ఉతికి వేసుకోవడం మంచిది. కరెంటు మిగిల్చామనుకున్న చోట రసాయనం పెరిగిందన్నమాట. నా దృష్టిలో బాగా కుట్టిన మామూలు నూలు చొక్కాయే ఇంతకంటే మేలైన పరిష్కారం.

పెట్టె పట్టుకున్న మనిషి

ముడతలు మంచివే అంటే ఇస్త్రీ బండి మీద బతికే కుటుంబం ఏమవ్వాలి? ఈ ప్రశ్నను పక్కకు నెట్టి కార్బన్ గురించి మాట్లాడటం న్యాయం కాదు.

ఢిల్లీ చుట్టుపక్కల కాలనీల్లో ప్రతి రెండు వీధులకు ఒక ప్రెస్‌వాలా బండి ఉంటుంది. చాలామంది చేతిలో ఇప్పటికీ బొగ్గు పెట్టెలే. రాజధాని ప్రాంతంలో వాడదగిన ఇంధనాల మీద గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ 2022లో జాబితా ఇచ్చినప్పుడు బట్టల ఇస్త్రీకి కట్టెబొగ్గును అనుమతించింది. బతుకుదెరువు దృష్టితో అది సరైన నిర్ణయమే. కానీ అనుమతి ఇవ్వడంతో ఆ పొగ పీల్చే మనిషి ఊపిరితిత్తులకు రక్షణ వచ్చినట్టు కాదు. సరిగా కాలని బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. చలికాలంలో ఆ పెట్టెను మూసిన గదిలోకి తీసుకెళ్లడం ప్రాణాంతకం.

దీనికి బదులు వెతికినవారు ఉన్నారు. తమిళనాడు తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే విద్యార్థిని సౌరశక్తితో నడిచే ఇస్త్రీ బండిని రూపొందించింది. 2021లో ఎర్త్‌షాట్ బహుమతి తుది జాబితాలో నిలిచి, అదే ఏడాది గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడింది. ఆలోచన గొప్పది. ఆచరణలో ఒక చిక్కు ఉంది. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు అందేది సుమారు 1000 వాట్లు, మామూలు సౌర పలక అందులో అయిదో వంతునే కరెంటుగా మారుస్తుంది. రెండు చదరపు మీటర్ల బండి కప్పు అయిదు గంటల మంచి ఎండలో ఇచ్చేది దాదాపు రెండు యూనిట్లు. రోజంతా ఇస్త్రీకి అది సరిపోదు. కాలనీ మీటరు నుంచి ఒక ప్లగ్ పాయింటు కూడా కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్‌లకు, క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ప్రకటించింది. చెట్టు కింది బండికి మీటరు ఉండదు కాబట్టి అలాంటి సాయం ఢిల్లీలో అందాలంటే నివాస సంఘాలు ముందుకు రావాలి.

ఇంకో రకం మనుషులు మన కంటికే కనిపించరు. ఒఖ్లా, నోయిడా, గురుగ్రామ్ ఉద్యోగ్ విహార్, మానేసర్ ప్రాంతాల్లోని దుస్తుల ఫ్యాక్టరీల్లో ఆవిరి పెట్టెల ముందు రోజంతా నిలబడేవారు. కుట్టు మధ్యలో కాలర్, కఫ్, జేబు అదిమేదీ, చివర పూర్తి వస్త్రాన్ని తీర్చేదీ వారే. 2024 మే చివర్లో సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. అలాంటి రోజున ఆవిరి మధ్య నిలబడితే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. గుడ్డను మెత్తబరిచే అదే గుప్తోష్ణం అక్కడ మనిషికి శత్రువు. ఆవిరిని బయటకు పంపే ఏర్పాటు, గంట గంటకూ విరామం, చల్లటి నీళ్లు అక్కడ దయతో ఇచ్చేవి కాకూడదు. యంత్రానికి నూనె ఎంత అవసరమో అవీ అంతే అవసరం.

ఏం చేస్తే బాగుంటుంది

2023 సెప్టెంబరు 17న ఢిల్లీ ద్వారకలో ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. వాటిలో దర్జీ ఒకటి, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే రజక వృత్తి మరొకటి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఇస్తారు. రెండు వృత్తులకూ ఆధారమైన శాస్త్రం ఒక్కటే. వేడి, తేమ, ఒత్తిడి, చల్లారే సమయం. ఈ నాలుగింటి మీద ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒక పూట పాఠం చెప్పవచ్చు. దర్జీకి కుట్టు నిలిచే కిటుకు తెలుస్తుంది. రజకుడికి కుట్టే చోట తన నైపుణ్యానికి గిరాకీ ఉందని తెలుస్తుంది. ఇంటి ఇస్త్రీ తగ్గిపోయే రోజుల్లో ఆ రెండోది ఎంతో విలువైనది.

రాష్ట్రాల్లో మహిళలకు కుట్టు శిక్షణ ఇచ్చే కేంద్రాలకూ ఇదే మాట. పంపిణీ సభ ఫొటోల్లో కుట్టుమిషనే కనిపిస్తుంది. శిక్షణ చివర పరీక్ష పెట్టేవారు పూర్తయిన జాకెట్టును పైనుంచి చూసి మార్కులు వేయకుండా, లోపలికి తిప్పి కుట్టు అంచులు చూడాలి. ఉతికించి మళ్లీ చూడాలి. ఆ ఒక్క నిబంధనతో ఇస్త్రీ పాఠం దానంతటదే పాఠ్యప్రణాళికలోకి వస్తుంది.

బడుల్లోనూ ఇది మంచి ప్రయోగం. పొడి గుడ్డ, తడి గుడ్డ, పాలియెస్టర్ ముక్క, ఒక ఇస్త్రీ పెట్టె చాలు. మూడింటికీ ఒకే మడత వేసి, ఒకదాన్ని చల్లారనిచ్చి, మరోదాన్ని వెంటనే దులిపి చూపిస్తే గుప్తోష్ణం, హైడ్రోజన్ బంధం పిల్లల చేతికి తగులుతాయి.

ఇక మన వంతు. ఈసారి టైలర్ దగ్గర బట్ట తీసుకునేటప్పుడు ఒకసారి లోపలి వైపు తిప్పి చూడండి. ప్రతి కుట్టుకూ ఇస్త్రీ చేసి కుట్టమని ముందే అడగండి, దానికి పట్టే సమయానికి పది రూపాయలు ఎక్కువ ఇవ్వండి. అలా కుట్టిన చొక్కాను సోమవారమే కాదు, మంగళవారం కూడా ఇస్త్రీ లేకుండా వేసుకోవచ్చు.